ఆగయ్య పెట్టె

నా చెవులు బాగా పనిచేస్తాయి. మా నవాగామ్ గల్లీల్లో యాభై దాటిన మగవాళ్ళలో ఈ మాట అనగలిగినవాళ్ళు పదిమంది ఉంటే గొప్ప. ఇందులో నా ప్రతాపం ఏమీ లేదు. సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చిన మావాళ్ళందరూ సాంచాల మీద పడ్డారు. సాంచా అంటే కరెంటు మగ్గం. నేను మాత్రం భీములకు, అంటే సాంచాకు ఎక్కించే పెద్ద కండెలకు, పోగులు చుట్టే పనిలో చేరాను, అక్కడ చప్పుడు తక్కువ. సాంచాల మధ్య రోజుకు పన్నెండు గంటలు నిలబడ్డవాడికి ఇరవై ఏళ్ళలో చెవులు సగం పోతాయి. ముప్పై ఏళ్ళకు మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. వాళ్ళు మన మాట వినరు, మన పెదాలు చూస్తారు.

ఆ చెవుల పుణ్యమా అని ఇరవై రెండేళ్ళుగా మా భజన మండలిలో హార్మోనియం నాదే. ఉమాకాంత్ లేనిదే భజన లేదని జనం అంటారు. అనకపోతే నేనే అనిపిస్తాను.

పోయిన ఏడాది హోలీ అయిన వారానికి ఆగయ్య మా ఇంటికి వచ్చాడు. నాకంటే మూడేళ్ళు చిన్న, అప్పటికి యాభై ఒకటి. ముప్పై ఏళ్ళుగా ఒకే కార్ఖానాలో సాంచాలు నడుపుతున్నాడు. మండలిలో వాడి పని చాపలు పరచడం, దీపాలు తోమడం, ఆదివారం పొద్దున భజన కాగానే అందరికీ చాయ్, లోచో అనే వేడివేడి సూరత్ శనగపిండి టిఫిను తేవడం. వాయించడానికి తాళాలు కూడా ఎవరూ వాడి చేతికి ఇచ్చేవాళ్ళు కాదు. చెవుడు కదా.

భుజం మీద ఒక హార్మోనియం పెట్టె పెట్టుకొచ్చాడు. కిమ్‌ అనే ఊళ్ళో ఎవరో ముసలాయన పోతే ఇంటివాళ్ళు వదిలించుకుంటున్న పాత పెట్టె అట.

"అన్నా, నాకు పెట్టె వాయించుడు నేర్పుతవా?" అని అడిగాడు. చెవిటివాళ్ళ మాట ఎప్పుడూ అరుపే. గల్లీ మొత్తం విన్నది.

"గీ వయసుల నీకెందుకే?"

"ముప్పై ఏండ్లసంది సాంచ సప్పుడే నేనిన్న. నేను జేసిన సప్పుడు ఒక్కసారన్న నలుగురు ఇనాలె గదన్నా."

నాకు నవ్వొచ్చింది. మొక్కై వంగనిది మానై వంగుతుందా? అయినా కాదనలేదు. ఎవరైనా ఒకరు నన్ను 'సారూ' అని పిలిస్తే బాగుండునని చాలా ఏళ్ళుగా ఉంది. ఆ రోజు నుంచి ఆగయ్య నన్ను అన్నా అనడం మానేసి సారూ అన్నాడు, మీరు అన్నాడు.

పెట్టె మెట్ల మీద సుద్దముక్కతో అంకెలు వేసి చూపించాను. చీర అంచులో పోగులు లెక్కపెట్టుకునే మనిషి కాబట్టి అంకెలు వాడికి వెంటనే ఎక్కాయి. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో ఒకసారి చూస్తే మరిచిపోడు. కానీ స్వరం వినబడాలి కదా. దానికి వాడే ఒక ఉపాయం కనిపెట్టాడు. పెట్టె మీదికి వంగి పైచెక్కకు గడ్డం ఆనించేవాడు. చెక్క అదురు దవడ ఎముకల్లోంచి లోపలికి పోయి స్వరం తెలుస్తుందట.

"సాంచకు అరచెయ్యి ఆనిస్తే మంచిగ నడుస్తున్నదో లేదో తెలుస్తది గద సారూ. గిది గూడ గంతే" అన్నాడు. అది నిజమే. చెవులు పోయినవాళ్ళంతా కార్ఖానాలో చేసేది అదే. సాంచా పక్కకు అరచెయ్యి ఆనించి, డాక్టరు నాడి పట్టినట్టు, లోపం ఎక్కడుందో చెప్పేస్తారు.

మా మండలిలో పాడేది సాంబయ్య. నోటి దురుసు మనిషి. ఆగయ్య గడ్డం ఆనించి వాయించడం మొదటిసారి చూసి, "చెవిటోని ముందట శంఖమూదితే ఏం కొరుకుతున్నవన్నడట. ఈడ చెవిటోడే పెట్టెను కొరుకుతున్నడు" అన్నాడు. ఆ మాటకు నేను రెండు రోజులు నవ్వాను.

మూడు నెలలకు ఆగయ్య తన పెట్టె తెచ్చి ఆదివారం భజనలో నా పక్కన కూర్చున్నాడు. ఆ రోజు భజన భజనలా లేదు. తాళాలు, డోలక్ మోగుతుంటే గడ్డం ఆనించినా వాడికి అంతా కలగాపులగమైంది. పాట ఒకచోట, వాడు ఒకచోట. సాంబయ్య రెండుసార్లు పాట ఆపి మళ్ళీ ఎత్తుకున్నాడు.

"ఇంట్ల వాయించుకో ఆగయ్యా, భజనల ఇంక కొన్నొద్దులు ఆగు" అంటే సరిపోయేది. మొహమాటం వల్ల అనలేదని అనుకోకండి. మాలో మొహమాటస్తులు ఎవరూ లేరు. అలా అంటే వాడు అలిగి రావడం మానేస్తే చాపలు ఎవరు పరుస్తారు, లోచో ఎవరు తెస్తారు అని చూసుకున్నాం. ఆ తర్వాత తట్టిన ఉపాయం మాత్రం పూర్తిగా నాదే.

మా ఇంటి అటక మీద మండలి పాత హార్మోనియం ఒకటి ఉండేది. ఎలుకలు దాని లోపలి తిత్తికి చిల్లి పెట్టాయి. ఎంత కొట్టినా గాలి ఆ చిల్లిలోంచే పోతుంది, ఏ మెట్టు నొక్కినా కుయ్యిమనదు. పైకి మాత్రం పెట్టె తళతళలాడుతుంది. దాన్ని దింపి, తుడిచి, మరుసటి ఆదివారం ఆగయ్య ముందు పెట్టాను.

"నీ పెట్టె శృతి, నా పెట్టె శృతి కలుస్తలేవు. ఇంట్ల నీది వాయించు. ఈడ మండలిది వాయించు."

వాడు తిత్తి ఆడించి చూసి సంబరపడ్డాడు. "గిదెంత అల్కగున్నది సారూ! దూది లెక్క ఆడుతున్నది."

"పాత పెట్టె గద, చేతులకు అలవాటువడ్డది. ఇంకో ముచ్చట ఆగయ్యా. దేవుని ముందట పెట్టెకు నోరు, గడ్డం ఆనియ్యొద్దు. ఎంగిలైతది."

గడ్డం ఆనిస్తే మా ఆట బయటపడుతుంది కదా. వాడు వెంటనే లెంపలు వేసుకున్నాడు. పోయిన వారం దేవుడి ముందు ఎంగిలి చేశానని బాధపడి సోమవారం ఒక్కపొద్దు కూడా ఉన్నాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మాకు వేడుక. ఆగయ్య చెమటలు కారుస్తూ గాలిని తీసుకొచ్చి గాలిలో కలుపుతుంటే, మేం ఎనిమిది మందిమి పాడుతూ వాడిని చూసేవాళ్ళం. భజన అయ్యాక పొగడ్తలు. "ఆగన్నా, ఇయ్యాల ఏం వాయించినవే! పానం లేచొచ్చింది" అని సాంబయ్య. "జర మెల్లగ వాయించే, మా గొంతులు ఇనవడ్తలేవు" అని డోలక్ వాయించేవాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే నవ్వు ఆగదని అందరం చాప వైపు చూసేవాళ్ళం. వాడు మా పెదాలు చదివేవాడు. పెదాల మీద ఎప్పుడూ పొగడ్తే ఉండేది.

నడి వయసులో వాద్యం పట్టినవాళ్ళు నాలుగు నెలలకు మానేస్తారు. అలాంటివాళ్ళను చాలామందిని చూశాను. ఆగయ్య మానలేదు. మేం మాననివ్వలేదు. ఒక ఆదివారం పొగిడితే అది వాడికి మళ్ళీ ఆదివారం దాకా సరిపోయేది. పన్నెండు గంటల షిఫ్టు దిగి, చేతులు కడుక్కుని, అన్నం కంటే ముందు పెట్టె దగ్గర కూర్చునేవాడట. వేళ్ళు వాస్తే వేడినీళ్ళలో ముంచుకుని మళ్ళీ కూర్చునేవాడట. వాడి భార్య కనకవ్వ మా ఇంటావిడతో చెప్పుకుంది. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఆ వాచిన వేళ్ళ కథ కూడా మండలిలో చెప్పుకుని నవ్వుకున్నాం.

కార్తీకంలో ఒక సాయంత్రం ఆగయ్య ఇంటికి వెళ్ళాను. మండలి తాళాలు తోమడానికి వాడు తీసుకుపోయాడు, అవి తెచ్చుకోవాలి. మూడో అంతస్తులో ఒక గది. నేను రెండో అంతస్తు ఎక్కుతుండగా పైనుంచి హార్మోనియం వినబడింది. భజన చివర నేను వాయించే మంగళహారతి అది. ఫోన్‌లో నా రికార్డింగు పెట్టుకుని వింటున్నారేమో అనుకున్నాను. నాలుగు మెట్లు ఎక్కాక అర్థమైంది, నేను అంత బాగా వాయించను. చరణం చివర నేను గబగబా దాటేసే చోట ఆ వాయించేది ఎవరో ఆగుతున్నారు. ఊపిరి తీసుకున్నంతసేపు ఆగి, అక్కణ్ణించి మెల్లగా కిందికి జారుతున్నారు. అది నేను నేర్పింది కాదు. ఎవరైనా నేర్పితే వచ్చేదీ కాదు.

తలుపు తీసే ఉంది. ఆగయ్య పెట్టెకు గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. రోజూ గడ్డం ఆనే చోట పైచెక్క పాలిష్ పోయి, బొట్టుబిళ్ళ కంటే కొంచెం పెద్దగా తెల్లబడింది.

కనకవ్వ నన్ను చూసి గుమ్మంలోకి వచ్చింది. "ఎట్లున్నదన్నా? నాకైతే మంచిగనే ఇనవడ్తది. భజనల గూడ గిట్లనే వాయిస్తడా?"

ఆడవాళ్ళ భజన శుక్రవారం వేరే జరుగుతుంది. ఆదివారం సంగతి ఆమెకు తెలిసే దారి లేదు.

"ఇంక జర పనున్నదమ్మా" అన్నాను. తాళాలు తీసుకుని, వాడు కళ్ళు తెరవకముందే దిగిపోయాను.

దిగుతుంటే నాకు కడుపు మండిపోయింది. దాచుకోవడం ఎందుకు? ఇరవై రెండేళ్ళ అనుభవం, నికార్సైన చెవులు ఉండి నాకు రానిది ఈ చెవిటివాడికి ఎలా వచ్చింది? అటక మీది పెట్టెను బాగుచేయించడం పెద్ద పనేమీ కాదు. ఒక తోలు ముక్క, కాస్త జిగురు, అరగంట సమయం. అది కూడా అక్కర్లేదు, 'నీ పెట్టె తెచ్చుకో' అంటే చాలు. అంతకు ముందు వాడు బాగా వాయించడని చెప్పలేదు. ఇప్పుడు బాగా వాయిస్తున్నాడని చెప్పలేదు.

మాఘ మాసంలో మా పద్మశాలీల మూలపురుషుడు మార్కండేయుడి జయంతి చేస్తాం. దానికి నెల ముందే ఆగయ్య నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, జయంతి నాడు మంగళహారతి నేనొక్కన్నే వాయిస్త. కనకవ్వ వస్తనన్నది. నవత గూడ దుకాణానికి సుట్టి పెట్టుకొని వస్తనన్నది." నవత వాడి కూతురు. ఇక్కడే పుట్టి పెరిగింది, చీరల దుకాణంలో పనిచేస్తుంది.

"వాయించు" అన్నాను.

"నా పెట్టె తెచ్చుకుంట సారూ. చెయ్యి దానికి అలవాటున్నది."

నా పెదాల వైపే చూస్తున్నాడు. ఒక్క తల ఊపు చాలు.

"వద్దు. దాని శృతి మైకుకు కుదరది. మండలిదే వాయించు."

పక్కన డోలక్, తాళాలు ఎలాగూ మోగుతాయి, ఆ మోతలో ఇదీ గడిచిపోతుంది అనుకున్నాను. వాడు అందరి ముందు తన పెట్టె వాయిస్తే, ఇన్నేళ్ళూ నేను వాయించింది ఏపాటిదో నవాగామ్ మొత్తానికి తెలిసిపోతుంది. నా భయమల్లా అదే.

జయంతి రోజు పొద్దున ఆ పెట్టెను మా ఇంటి నుంచి పందిరి దాకా ఆగయ్యే మోసుకెళ్ళాడు. కొత్త తెల్లచొక్కా వేసుకున్నాడు. దారిలో ఎదురైన ప్రతివాడికీ "ఇయ్యాల నేను వాయిస్తున్న" అని అరిచి చెప్పాడు. ఊరేగింపు తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పందిట్లో మూడు వందల మంది ఉంటారు. ముందు వరుసల్లో సాంచాల మగవాళ్ళు, కుడిపక్క ఆడవాళ్ళు, పిల్లలు. మైకు సాంబయ్య చేతిలో ఉంది.

"ఇప్పుడు మన ఆగన్న మంగళహారతి వాయిస్తడు. ఒక్కడే! డోలక్ బంద్, తాళాలు బంద్. అందరు సప్పుడు చెయ్యకుంట ఇనున్రి" అని చెప్పి, సాంబయ్య నా వైపు చూసి కన్ను కొట్టాడు.

ఇది నేను అనుకున్నది కాదు. లేచి ఆపవచ్చు. లేవలేదు.

ఆగయ్య పెట్టెకు దండం పెట్టుకుని మొదలుపెట్టాడు. తిత్తి టపటపా ఆడుతోంది, మెట్లు చెక్కకు తగిలి టిక్కుటిక్కుమంటున్నాయి. పందిట్లో ఇంకే చప్పుడూ లేదు. వేళ్ళు మాత్రం ఎక్కడా తప్పలేదు. నాకు ఆ పాట తెలుసు కాబట్టి వేళ్ళను చూస్తుంటే పాట తెలుస్తూనే ఉంది. చరణం చివర ఆగాడు. ఊపిరి తీసుకున్నంతసేపు ఆగి, మెల్లగా కిందికి జారాడు. అది వింటున్నది నేనొక్కణ్ణే.

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మైకు పాడైందని ఎవరో అన్నారు. సాంబయ్య కావాలనే మైకును పెట్టెకు ఇంకా దగ్గరగా జరిపాడు. టిక్కుటిక్కులు పందిరంతా మోగాయి. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. ముందు వరుసల్లోని సాంచాల వాళ్ళు మాత్రం తలలు ఊపుతున్నారు. పెట్టె మోగినా మోగకపోయినా వాళ్ళకు ఒకటే, వాళ్ళు ఎప్పుడూ చూసేది వేళ్ళనే. పాట అయిపోగానే వాళ్ళే ముందు చప్పట్లు కొట్టారు, లేచి నిలబడి మరీ కొట్టారు.

ఆగయ్య మొహం వెలిగిపోయింది. ఆ మొహంతోనే కనకవ్వ కోసం కుడిపక్కకు తిరిగాడు. కనకవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. పెదాలు కనబడకపోతే సాంచాల మనిషి కళ్ళు చదువుతాడు. ఆమె పక్కన పిల్లలు నోళ్ళు బిగబట్టుకుని, గాలిలో వేళ్ళు ఆడిస్తూ వాడిని వెక్కిరిస్తున్నారు.

ఆగయ్య మళ్ళీ పెట్టె వైపు తిరిగాడు. ఎడమచేత్తో తిత్తి కొట్టాడు. కుడి మణికట్టుతో మెట్లు నొక్కి, అరచెయ్యి పైచెక్కకు ఆనించాడు. ఒకసారి చూశాడు. ఇంకోసారి చూశాడు.

"సాంచ బంద్ ఉన్నది" అన్నాడు.

వాడి మాట ఎప్పుడూ అరుపే, మైకు ఎదురుగానే ఉంది. ఆ మాట పందిరి అవతలి రోడ్డు దాకా వినబడింది. తర్వాత నా పెదాలు చూస్తూ అడిగాడు. "ఎప్పటిసంది సారూ?"

ఏడు నెలలు దాటింది. ఆ జవాబు మా ఎనిమిది మందికీ తెలుసు.

"పొద్దున మోసుకొచ్చేటప్పుడు యాడనో తగిలినట్టున్నది" అన్నాను. వాడు సరిగ్గా చదువుకోవాలని ఒక్కో మాట విడివిడిగా అన్నాను.

తిత్తి ఎప్పుడూ దూదిలా ఆడేదన్న సంగతి వాడికి గుర్తు రాలేదా అని మీరు అడగవచ్చు. వచ్చే ఉంటుంది. కానీ నన్ను కాదని తన చేతిని నమ్మే మనిషి కాదు వాడు. సాంబయ్య చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"తప్పైంది. మండలి పెట్టె నా చేతుల పాడైంది. పండుగ పూట దేవునికి మూగ హారతి ఇచ్చిన. అందరు మాఫ్ చెయ్యిన్రి."

వంగి మూడు పక్కలా దండం పెట్టాడు. మా ఎనిమిది మందికి విడిగా పెట్టాడు. సాంబయ్య కూడా ఆ దండానికి తల ఊపాడు.

జనం భోజనాలకు లేచాక నవత వచ్చి నన్నేమీ అడక్కుండా పెట్టెను బోర్లించింది. అడుగు చెక్క ఊడదీసి చూసింది. తిత్తి చిల్లి అంచులు నల్లబడి ఉన్నాయి. లోపల చిరిగిన కాగితాలు, ఎండిపోయిన ఎలుక పెంటికలు.

"కాకా, యే ఆజ్ కా నహీ హై" అంది, ఇది ఇవాళ్టిది కాదని. "ఎలుక గూడు వెట్టి ఎన్నేండ్లయిందో. ఇన్నొద్దులు దీని మీదనే వాయిపిచ్చిన్రా?"

నేను అడుగు చెక్కను మళ్ళీ బిగించబోయాను.

"బాపుకు నేను చెప్ప. నేను చెప్తే నమ్మడు. మా సారు గట్ల చెయ్యడు అంటడు. మీరే చెప్పున్రి. తప్పు ఆయనది గాదని ఆ ఒక్కటన్న చెప్పున్రి."

"ఐతారం చెప్త బిడ్డా" అన్నాను.

ఆదివారం వచ్చింది. నేను వెళ్ళేసరికి ఆగయ్య చాపలు పరిచి, దీపాలు తోమి పెట్టాడు. నేను కూర్చునే చోట వాడి హార్మోనియం ఉంది. కడిగిన ముత్యంలా తుడిచాడు. గడ్డం ఆనే చోట తెల్లమచ్చ మాత్రం పోలేదు.

"మండలి పెట్టె నా వల్ల పాయె. గిది మండలికి తీసుకోన్రి సారూ. మంచి పెట్టె. నేనిగ వాయించ."

"ఎందుకు వాయించవ్?" అన్నాడు సాంబయ్య. ఆ రోజు వాడి గొంతులో వెటకారం లేదు.

"మూడు వందల మంది ముందట అట్లాయె. దేవుని మనసుల లేదనుకుంట."

నవతకు ఇచ్చిన మాట నాలుక చివర ఉంది. ఆగయ్య నా పెదాల వైపే చూస్తున్నాడు, అదే చదవడానికి సిద్ధంగా ఉన్నట్టు. నేను పెట్టె ముందు కూర్చుని తిత్తి విప్పాను. మంచి పెట్టె. నా దానికంటే మంచిది.

భజన చివర మంగళహారతి ఎత్తుకున్నాను. చరణం సగంలో ఉండగా ఆగయ్య నా పక్కకు జరిగి, పెట్టె పక్కచెక్కకు అరచెయ్యి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. నేను చరణం చివరికి వచ్చాను. అక్కడ ఆగాలని నాకిప్పుడు తెలుసు. ఆగబోయాను, వేళ్ళు వినలేదు, ఎప్పటిలాగే గబగబా దాటిపోయాయి. ఆగయ్య కళ్ళు తెరిచి నా చేతుల వైపు చూశాడు.

వాయించడం ఆపి వాడి వైపు తిరిగాను, పెదాలు బాగా కనబడేలా.

"చెయ్యి తియ్యి ఆగయ్యా. గాలికి అడ్డమొస్తున్నది."

"తప్పైంది సారూ" అని వాడు చెయ్యి తీసేశాడు. ఆ చెయ్యి ఆనిన చోట తువ్వాలతో తుడిచి, లోచో తేవడానికి లేచి వెళ్ళాడు.